మన గ్యాస్ బండ చలిల పుడ్తది

మొన్న జనవరిల ఒకనాడు పొద్దుగాల ఆరింటికి మా ఇంట్ల చాయ్ కాగడానికి అరగంట పట్టింది. బండ ఇంకా సగం కూడా అయిపోలే. మంట మాత్రం అగర్‌బత్తి లెక్క సన్నగ. అమ్మ బండను అటూ ఇటూ ఊపింది, రెగ్యులేటర్ తీసి మళ్ల పెట్టింది. ఆఖరికి "ఏజెన్సోడు తక్కువ నింపిండు" అని తిట్టుకుంట బయట కట్టెల పొయ్యి అంటు పెట్టింది. ఇచ్చోడల ఉన్నోళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. ఇటు నేరడిగొండ, అటు బోథ్, బజార్‌హత్నూర్, ఏడ చూసినా డిసెంబర్, జనవరిల తెల్లారేసరికి 5, 6 డిగ్రీలకు పడిపోతది. రాష్ట్రం మొత్తం మీద చలి ఎక్కువ మన జిల్లాలనే అని టీవీల చెప్తనే ఉంటరు.

ఏజెన్సోన్ని తిట్టే ముందు ఒక్కటి తెలుసుకోవాలె. బండల ఉన్నది గ్యాస్ కాదు, ద్రవం. ఊపితే లోపల లొడలొడ అనేది గదే. ప్రొపేన్, బ్యూటేన్ అని రెండు రకాలు అండ్ల కలిసి ఉంటయి. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరనే మరుగుతది. బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ కింద మరుగుతది. నీళ్లు 100 డిగ్రీలకు మరిగినట్టు ఇవి గంత చలిల కూడా మరిగి ఆవిరైతయి. ఆ ఆవిరే పైపుల నుంచి పొయ్యికి వస్తది. ఎండకాలం 40 డిగ్రీలు ఉన్నపుడు రెండూ జోరుగ లేస్తయి. చలికాలం 5 డిగ్రీలు ఉన్నపుడు ప్రొపేన్ లేస్తది గని బ్యూటేన్‌కు లేచే జోరు ఉండది. పైగా మరిగేటపుడు ద్రవం తన వేడిని తనే తింటది, అందుకే బండ ఇంకింత చల్లవడ్తది, అడుగున చెమట కూడా పడ్తది. ప్రొపేన్ మొదలు పోతది కాబట్టి బండ అయిపోవస్తున్నకొద్ది బ్యూటేనే ఎక్కువ మిగులుతది. మంట ఇంకా సన్నగైతది. గంతే తప్ప ప్రతిసారి మోసం కాదు. (దీనికి మందు అని బండ మీద మసలే నీళ్లు పోసుడు, పొయ్యి పక్కకు జరుపుడు మాత్రం చెయ్యొద్దు. పానంతోని చెలగాటం అది.)

ఇగ ఇక్కడి నుంచి అసలు కథ. చలికి బ్యూటేన్ లేవలేదంటే, చలి పెడితే దాన్ని పట్టుకోవచ్చు అన్నట్టే కద. మన బండలకు వచ్చే గ్యాస్ ల మస్తు భాగం గట్లనే పుడ్తది. భూమిల నుంచి వచ్చిన గ్యాస్‌ను చల్లగ, ఇంకా చల్లగ చేసి, అండ్ల నుంచి ఈ ప్రొపేన్, బ్యూటేన్‌ను ద్రవం లెక్క వడగడ్తరు. దీన్నే ఎన్జీఎల్ ప్రాసెసింగ్ అంటరు, అంటే సహజవాయువు నుంచి వచ్చే ద్రవాలు తీసుడు. ఈ పనికి ఎంత కరెంటు, ఎంత ఇంధనం కాలుతది, దాన్ని ఎట్ల తగ్గిస్తున్నరు అనేది ఇయ్యాల్టి ముచ్చట. మనకెందుకు ఇది అంటే, రెండు కారణాలు ఉన్నయి. ఒకటి మన వంటింట్ల ఉంది. రెండోది మన ఊరి పోరగాళ్లు ఎక్కే గల్ఫ్ విమానంల ఉంది.

మన దేశం ఏడాదికి దాదాపు 3 కోట్ల టన్నుల ఎల్పీజీ వాడుకుంటది. అండ్ల సగం కన్నా ఎక్కువ బయటి నుంచే వస్తది. మనం ఇక్కడ తయారుచేసుకునే దాంట్ల ఎక్కువ భాగం ముడి చమురు శుద్ధి చేసే రిఫైనరీల నుంచి వస్తది, గ్యాస్ ప్లాంట్ల వంతు తక్కువ. మధ్యప్రదేశ్‌ల విజయ్‌పూర్, గుజరాత్‌ల గాంధార్ లాంటి జాగలల్ల గెయిల్‌కు, హజీరా, ఉరన్‌ల ఓఎన్జీసీకి ఈ ప్లాంట్లు ఉన్నయి. బయటి నుంచి వచ్చేది మాత్రం చానా వరకు ఖతర్, యూఏఈ, కువైట్, సౌదీల నుంచి. ఆడ రిఫైనరీల కన్నా గ్యాస్ ప్లాంట్లే పెద్దయి. ఖతర్‌ల రాస్ లఫాన్, యూఏఈల రువైస్. ఈ పేర్లు మన దగ్గర కొత్తయి కావు. నిర్మల్, జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ దిక్కు ఏ ఊరికి పోయినా ఈ పేర్లు నోట్లె ఆడేటోళ్లు నలుగురు దొరుకుతరు.

ఆడ నింపిన ఓడ హోర్ముజ్ జలసంధి దాటి వస్తది. మన దిక్కు దిగే రేవు విశాఖపట్నం. అక్కడ సముద్రం ఒడ్డున కొండరాయిని తొలిచి, భూమి లోపల గుహ లాంటి గోదాం చేసిన్రు. 60 వేల టన్నుల ఎల్పీజీ పడ్తది, 2007 డిసెంబర్‌ల చాలూ అయ్యింది. అండ్లకెళ్లి తీసిన గ్యాస్ 600 కిలోమీటర్లు దాటిన గెయిల్ పైపులైన్ల సికింద్రాబాద్ దిక్కు చర్లపల్లికి వస్తది. నింపిన బండలు లారీలు ఎక్కుతయి. హైదరాబాద్-నాగ్‌పూర్ రోడ్డు మీద మన ఇచ్చోడ ముంగట నుంచి ఎర్రబండల లారీ పోతుంటే, అండ్ల ఖతర్ చలి ఉందని అనుకోండి, తప్పేం లేదు.

బాయిల నుంచి పైకొచ్చే గ్యాస్ ల ఏముంటదంటే, ఎక్కువ శాతం మీథేన్. దాన్తోని పాటు ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్, ఇంకా బరువైనయి కొన్ని కొన్ని. నీటి ఆవిరి, కార్బన్ డై ఆక్సైడ్, ఒక్కోసారి గంధకం వాసన గ్యాస్ కూడా ఉంటది. మీథేన్ మైనస్ 162 దగ్గర గని ద్రవం కాదు. ఈథేన్ మైనస్ 89 దగ్గర. అంటే అన్నింటిని కలిపి మైనస్ 60 దాక చల్లగ చేస్తే, ప్రొపేన్, బ్యూటేన్ కిందికి రాలుతయి, మీథేన్ పైన గాలి లెక్కనే ఉండిపోతది. పిడుకకు పిడుక, బూడిదకు బూడిద అన్నట్టు వేరైతయి. ఆ మిగిలిన మీథేన్ ఉత్తగ పోదు. పైపులల్ల ఫ్యాక్టరీలకు, కరెంటు ప్లాంట్లకు, సీఎన్జీ బంకులకు పోతది. మనకు దగ్గరల చూడాలంటే రామగుండం. 1999ల మూతపడ్డ పాత ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గుతోని నడిచేది. దాని జాగల వచ్చిన ఆర్ఎఫ్సీఎల్ 2021ల ఉత్పత్తి మొదలుపెట్టింది, అది గ్యాస్‌తోని నడుస్తది. కాకినాడ దిక్కు మల్లవరం నుంచి దానికి పైపు వచ్చింది. పత్తికి, మక్కకు మనం లైన్ల నిలవడి తెచ్చుకునే యూరియా బస్తా ఆ మీథేన్‌దే.

ఇప్పుడు జర లెక్క చూద్దాం. పెద్ద లెక్క కాదు, కాయితం మీద నేను వేసుకున్న కచ్చా లెక్క. ఒక కిలో ప్రొపేన్‌ను ఆవిరి నుంచి ద్రవం చెయ్యాలంటే అండ్ల నుంచి తీయాల్సిన వేడి దాదాపు 400 కిలోజౌల్స్. అదే కిలోను పొయ్యి మీద కాలిస్తే వచ్చేది 46 వేల కిలోజౌల్స్. అంటే నూటికి ఒక్క వంతు కూడా కాదు. మరి ఇబ్బంది ఏడుంది? ఇబ్బంది మీథేన్ తోని ఉంది. ఒక కిలో ఎల్పీజీ రావాలంటే పది కిలోల గ్యాస్‌ను చల్లగ చెయ్యాలె అనుకుందాం. మనకు కావాల్సింది గుప్పెడు గింజలు, నూర్చాల్సింది కల్లం మొత్తం. పది కిలోల గ్యాస్‌ను 30 డిగ్రీల నుంచి మైనస్ 60కి తేవాలంటే 2 వేల కిలోజౌల్స్ వేడి తీయాలె. దాని మీద ఆ 400. గంత కింది చలిల ఫ్రిజ్ మోటర్ మస్తు ఆయాసపడ్తది, ఆరు యూనిట్ల చలికి సుమారు ఐదు యూనిట్ల దాక పని మింగుతది. ఆ మోటర్‌ను తిప్పే గ్యాస్ ఇంజన్ కాల్చిన దాంట్ల మూడో వంతే పనికొస్తది. మొత్తం కలిపితే 6 వేల కిలోజౌల్స్ ఇంధనం. ఎనిమిది బండలు తీస్తే ఒక బండ ఆడనే కాలిపోయినట్టు.

గిట్ల ఎవ్వరూ నడపరు. నడిపితే దివాలే. అసలు కిటుకు ఏందంటే, ఆ చల్లటి మీథేన్‌ను చల్లగనే బయటికి పంపొద్దు. అది మైనస్ 60ల ఉంది, బయటికి పోవాల్సింది. లోపలికి వచ్చేది 30 డిగ్రీలల ఉంది, చల్లగ కావాల్సింది. రెండింటిని పక్కపక్క గొట్టాలల్ల ఎదురెదురుగ నడిపిస్తే, పోయేది తన చలిని వచ్చేదానికి అప్పజెప్పి పోతది. వేడి వేడి చాయ్ గ్లాసును చల్లనీళ్ల గిన్నెల పెట్టినట్టే గని, నీళ్లు నిలవడి ఉండవు, ఎదురు నడుస్తుంటయి. ఎదురు నడుచుడు ముఖ్యం. ఇద్దరూ ఒకే దిక్కు నడిస్తే ఏడనో మధ్యల ఇద్దరి వేడి సమానమై ఆగిపోతది. ఎదురు నడిస్తే బయటికి పోయే గ్యాస్ దాదాపు వచ్చే గ్యాస్ అంత వెచ్చగై పోతది, వచ్చేది పోయేదంత చల్లగైతది. ఈ పనికి పల్చటి అల్యూమినియం రేకులు దొంతర పేర్చి చేసిన డబ్బా ఉంటది, కోల్డ్ బాక్స్ అంటరు.

మళ్ల మన లెక్కకు వద్దాం. ఆ 2 వేలల్ల నూటికి 95 వంతులు గిట్ల తిరిగి పట్టుకుంటే కొత్తగ పెట్టాల్సిన చలి 500 దగ్గరికి వస్తది. 37 బండలకు ఒక బండ ఖర్చు. 95 కాక 90 వంతులే పట్టుకుంటే? 31 బండలకు ఒకటి. కేవలం ఐదు వంతుల తేడా గింత దూరం తీస్కపోతది. అందుకే ఈ ప్లాంట్లల్ల ఇంజనీర్లు ఒక్కో డిగ్రీ కోసం కొట్లాడ్తరు. ఏ వేడి గొట్టాన్ని ఏ చల్ల గొట్టం పక్కన పెడితే తక్కువ ఖర్చు అని లెక్క తీసే పద్ధతిని 1970ల చివర్ల బోడో లిన్‌హాఫ్ అనే ఆయన, ఆయన సోపతిగాళ్లు ఇంగ్లండ్‌ల తయారుచేసిన్రు. పించ్ అనాలిసిస్ అంటరు దాన్ని. ఇప్పుడు బీటెక్ కెమికల్ చదివే పోరగాళ్లకు పాఠం అది. నిజం ప్లాంటుల లెక్క నా కాయితం మీది లెక్క అంత సాఫీగ ఉండది, ఎండబెట్టుడు, పంపులు, మళ్ల ఒత్తిడి పెంచుడు, ఇవన్ని మీద పడ్తయి. గని ఎక్కడ ఆదా ఉంది అనేది మాత్రం ఇదే చెప్తది.

రెండో పెద్ద కిటుకు ఒత్తిడిల ఉంది. బాయిల నుంచి గ్యాస్ మస్తు ఒత్తిడితోని వస్తది. ఒత్తిడిల ఉన్న గ్యాస్‌ను సన్న సందు నుంచి వదిలితే అది చల్లవడ్తది. బండ నుంచి గ్యాస్ లీకైతే ఆ జాగ మంచులెక్క చల్లగైతది చూడుండ్రి, అండ్ల ద్రవం మరుగుడు కూడా కలిసి ఉంటది గని మాట దగ్గరిదే. జూల్, థామ్సన్ అనే ఇద్దరు 1850లల్ల దీన్ని లెక్కగట్టి చూపెట్టిన్రు. అందుకే పాత ప్లాంట్లల్ల ఒక వాల్వు పెట్టి గ్యాస్‌ను వదిలేటోళ్లు, చల్లవడ్తుండె. పని అయితది గని నష్టం ఉంది. ఆ ఒత్తిడి అంత వాల్వు దగ్గరనే చచ్చిపోతది. ఇది ఎట్లుంటదంటే, మన బోరు మోటర్ ఫుల్లుగ నడుస్తుంటే నీళ్లు ఎక్కువైతున్నయని గేట్ వాల్వు సగం మూసినట్టు. నీళ్లు తగ్గుతయి, మీటర్ మాత్రం గంత తగ్గది.

వాల్వు జాగల ఒక చిన్న టర్బైన్ పెడితే? గ్యాస్ దాన్ని తిప్పుకుంట విస్తరిస్తది. తిప్పినందుకు దాని శక్తి పోతది, కాబట్టి వాల్వు కన్నా ఇంకా ఎక్కువ చల్లవడ్తది. ఒక్క దెబ్బకు రెండు పనులు. చలి ఎక్కువ వచ్చె, పైగా తిరిగే కడ్డీ చేతికొచ్చె. ఆ కడ్డీ ఇంకో కొసకు కంప్రెసర్‌ను బిగిస్తరు. బయటికి పోయే మీథేన్‌ను మళ్ల ఒత్తిడికి ఎక్కించే పనిల కొంత అదే చేసేస్తది. దీన్నే టర్బో ఎక్స్‌పాండర్ అంటరు. చక్రం మన అరచేతి కన్నా కొంచెం పెద్దగుంటది, నిమిషానికి వేల చుట్లు తిరుగుతది. చల్లదనం కోసం ఈ రకం టర్బైన్‌ను 1939ల ప్యోత్ర్ కపిట్సా అనే రష్యా శాస్త్రవేత్త ముంగటికి తెచ్చిండు. ఆయనకు తర్వాత నోబెల్ కూడా వచ్చింది. గ్యాస్ ప్లాంట్లల్లకు ఇది 1960లల్ల అమెరికాల వచ్చింది. ఇప్పుడు కొత్తగ కట్టే పెద్ద ప్లాంట్లల్ల ఇది లేకుంట కట్టుడు తక్కువ. నా దృష్టిల ఈ మొత్తం కథల అందమైన మిషిన్ ఇదే. ఎందుకంటే కొత్తగ ఏం కాల్చదు, ఉత్తగ పోయేదాన్నే పట్టుకుంటది.

తర్వాత ద్రవాన్ని వేరు చేసే పొడుగు బుడ్లు, కాలమ్స్ అంటరు. మొదటి దాంట్ల మీథేన్ పోగొడ్తరు, రెండో దాంట్ల ఈథేన్, మూడో దాంట్ల ఎల్పీజీ ఒక దిక్కు, పెట్రోల్ లాంటి బరువైన ద్రవం ఒక దిక్కు. వీటి అడుగున వేడి కావాలె, పైన చలి కావాలె. అడుగున వేడికి కొత్తగ ఆవిరి కాల్చే బదులు, లోపలికి వచ్చే వెచ్చటి గ్యాస్‌నే ఆ అడుగు నుంచి తిప్పుతరు. అడుగుకు వేడి దొరికింది, గ్యాస్ చల్లవడ్డది. మనోళ్లు వడ్లు ఉడకవెట్టిన నీళ్లు పారబొయ్యకుంట పశువులకు పెట్టినట్టు.

కంప్రెసర్లను తిప్పే గ్యాస్ టర్బైన్ల సంగతి ఇంకోటి. అవి కాల్చిన దాంట్ల మూడో వంతే పనైతది, మిగిలింది 500 డిగ్రీల పొగై చిమ్నీల నుంచి పోతది. ఆ పొగకు అడ్డం గొట్టాలు పెట్టి నూనెనో, నీళ్లనో కాగబెట్టి ప్లాంటుల వాడుకుంటే వేరే పొయ్యి అక్కెర్లేదు. ఇగ మోటర్లకు వేగం తగ్గించే డ్రైవులు. ఫ్యాన్, పంపు లాంటి వాటికి వేగం నూటికి 80కి తెస్తే కరెంటు దాదాపు సగానికి వస్తది. ఎందుకంటే కరెంటు వేగానికి ఘనం లెక్కన మారుతది, 0.8ని మూడుసార్లు గుణించి చూడుండ్రి, 0.512. సెల్‌ఫోన్‌ల క్యాలిక్యులేటర్ ఉంది కద.

ఇంత చెప్పినంక ఒక భయం కూడా చెప్పాలె. ఆదా పేరు మీద తగ్గించకూడని ఖర్చు ఒకటి ఉంది. అది గ్యాస్‌ను ఎండబెట్టుడు. గ్యాస్ ల తడి ఉంటే, ఒత్తిడిల మీథేన్ నీళ్లు కలిసి మంచుగడ్డ లాంటిది కడ్తది. సున్నా కన్నా పైననే కడ్తది, గొట్టం మూసుకపోతది. కార్బన్ డై ఆక్సైడ్ తోడైతే పైపు లోపల తుప్పు పడ్తది. అందుకే చలికి పంపే ముందు గ్యాస్‌ను జల్లెడ లాంటి రాళ్ల గుట్ట నుంచి పంపి తడి పీలుస్తరు. ఆ రాళ్లు తడిసినంక 250, 300 డిగ్రీల వేడి గ్యాస్ ఊది ఎండబెట్టాలె. మస్తు ఇంధనం తింటది ఇది. గడియారం చూసి ఎండబెట్టే బదులు, రాళ్లు నిజంగ ఎంత తడిసినయో కొలిచి ఎండబెడితే ఆదా. అది తెలివి. అసలు ఎండబెట్టుడే మానేస్తే ఏమైతదో చూసినోళ్లు కోనసీమల ఉన్నరు.

2014 జూన్ 27. తూర్పు గోదావరి జిల్లా, నగరం ఊరు. తాటిపాక పక్కనే. తెల్లారుజామున గెయిల్ పైపులైను పగిలి గ్యాస్ ఊరంత కమ్ముకున్నది, మంట అంటుకున్నది. ఇరవై మందికి పైగా చచ్చిపోయిన్రు. ఇండ్లు, కొబ్బరి చెట్లు కాలి బొగ్గైనయి. పొడి గ్యాస్ కోసం వేసిన పైపుల నీళ్లు, బరువైన ద్రవాలు కలిసిన తడి గ్యాస్ పోయిందని, లోపల తుప్పు తిన్నదని తర్వాత విచారణల బయటపడ్డది. ఆ ద్రవాలే, మనం ఇందాకటి నుంచి మాట్లాడుకుంటున్న ఎన్జీఎల్ చుట్టాలే. తీయాల్సిన జాగల తీస్తే సరుకు, తీయకుంట పైపుల వదిలితే యముడు. కోనసీమోళ్లకు గ్యాస్ మంట కొత్త కాదు. 1995 జనవరిల పాశర్లపూడిల ఓఎన్జీసీ బాయి ఎగదన్ని రెండు నెలలు దాటి మండింది. తాటిపాకల 2001 నుంచి ఏడాదికి 66 వేల టన్నుల చిన్న రిఫైనరీ కూడా ఉంది, దేశంల ఉన్నాటిల అన్నింటికన్నా చిన్నది. ఆ నేల కింది గ్యాస్, సముద్రంల కేజీ-డీ6 గ్యాస్ తో మనకు ఏం లాభమని అడిగేటోళ్లుంటరు. డీ6 గ్యాస్ దాదాపు మొత్తం మీథేనే, అండ్ల బండలు నింపే ప్రొపేన్, బ్యూటేన్ లేనట్టే. అందుకే పక్కన గ్యాస్ పెట్టుకొని కూడా మనం బండకు ఖతర్ దిక్కు చూడాల్సి వస్తున్నది.

ఖతర్ అంటే మా గల్లీల కాక యాదికొస్తడు. పన్నెండేండ్లు ఆడ గ్యాస్ ప్లాంట్లల్ల ఇన్సులేషన్ పని చేసి వచ్చిండు. పోయినపుడు హెల్పర్. ఆయన చదివింది ఏడో తరగతి. గని చల్ల గొట్టాల గురించి ఆయన చెప్పింది నాకు ఏ పుస్తకంల దొరకలే. వేడి గొట్టం మీద కప్పు పాడైతే వేడి పోతది, గంతే, తర్వాత బాగుచెయ్యొచ్చు. చల్ల గొట్టం అట్ల కాదన్నడు. పైన నురుగు కప్పు, దాని మీద ఆవిరి దూరకుంట పూత, దాని మీద రేకు. ఆ పూతల సూది మొన అంత పొక్క ఉంటే చాలు, సముద్రం ఒడ్డు తడి గాలి లోపలికి పోతది, నీళ్లైతది, గడ్డ కడ్తది. నురుగు లోపల మంచు పెరుగుకుంట పెరుగుకుంట కప్పును చీలుస్తది. తడిసిన కప్పు చలిని ఆపది, పైగా దాని కింద గొట్టం తుప్పు పడ్తది, రేకు ఉన్నది కాబట్టి ఎవరికి కనవడది. "మా ఫోర్‌మన్ రేకు మీద చేతి వెనక పక్క పెట్టి చూసేటోడు. చెమట తగిల్తే ఆ ముక్క మొత్తం ఇప్పించేటోడు" అన్నడు. గింత పెద్ద ప్లాంటు ఆదా, ఎండల 45 డిగ్రీలకు పైన నిలవడి పూత పూసే మనోని చేతుల మీద ఆధారపడి ఉంది. ఆదా అయిన కోట్ల లెక్కలల్ల ఆ చేతుల కూలి ఏ వరుసల రాస్తరో నాకైతే కనవడలే.

అందుకని పోదామనుకునే తమ్ముళ్లకు ఒక్క మాట. ఖాళీ చేతులతోని హెల్పర్ వీసా మీద పోవుడు వేరు, ఐటీఐల ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ కెమికల్ ప్లాంట్, అటెండెంట్ ఆపరేటర్ కెమికల్ ప్లాంట్ లాంటి ట్రేడ్ చేసి పోవుడు వేరు. ఈ రెండు ట్రేడ్లు ఉన్నయన్నదే మన దగ్గర చానా మందికి తెల్వదు, అందరూ ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, డీజిల్ మెకానిక్ అనే వరుసలనే నిలవడ్తరు. ఇంజనీరింగ్ చేసి అనుభవం ఉన్నోళ్లకు బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ పెట్టే ఎనర్జీ ఆడిటర్ పరీక్ష ఉంది. దేశంల ఎరువుల ఫ్యాక్టరీలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఎంత ఇంధనం వాడాలె అని ఈ బ్యూరో 2012 నుంచి లక్ష్యాలు పెడ్తున్నది. లెక్కలు చూసేటోళ్లు కావాలె కద.

ఇగ మీరు అడిగే ప్రశ్న నాకు తెలుసు. ఆ ప్లాంట్లల్ల గింత ఆదా అయితుంటే మన బండ ధర తగ్గుతదా? తగ్గది. మనకు వచ్చే ఎల్పీజీ ధర సౌదీ అరామ్‌కో నెల నెలా చెప్పే ధరను పట్టుకొని నడుస్తది. ప్లాంటు ఆదా ప్లాంటోనిది. మన రాష్ట్రంల మహాలక్ష్మి కింద 500కు బండ వస్తున్నదంటే మిగిలింది సర్కారు ఇస్తున్నది, గ్యాస్ అగ్గువై కాదు. మరి ఆదా ఎవరికి? గాలికి, తర్వాతి తరానికి అని పెద్ద మాటలు చెప్పొచ్చు గని, నేను ఇంకో లెక్క చెప్త. 3 కోట్ల టన్నులల్ల ఒక్క శాతం అంటే 3 లక్షల టన్నులు. 14.2 కిలోల చొప్పున 2 కోట్ల 11 లక్షల బండలు. ఏడ ఆదా అయినా సరే, గన్ని బండలకు సరిపోయే ఇంధనం భూమిల మిగిలినట్టు.

ఇంకో లెక్క మన ఇంట్లనే ఉంది. ఒక బండల ఉన్న శక్తి కరెంటు లెక్కల దాదాపు 180 యూనిట్లు. తయారు చేసేకాడ నేను పైన చెప్పిన కచ్చా లెక్కల పోయేది ఐదు యూనిట్లు. మన పొయ్యి మీద? ఐఎస్ఐ గుర్తున్న పొయ్యికి కనీసం 68 శాతం ఉండాలని రూలు. అంటే మంచి పొయ్యి మీద కూడా 180ల 58 యూనిట్లు గిన్నెకు అందకుంట గాలిల పోవచ్చు. బర్నర్ పొక్కలు మసితోని మూసుకపోతే, మంట పచ్చగ వస్తే, గిన్నె అడుగు నల్లగైతే ఇంకా ఎక్కువ. గిన్నె దాటి పక్కల నుంచి లేచే మంట అంత ఉత్తదే. గల్ఫ్‌ల ఐదు యూనిట్ల కోసం అన్ని మిషిన్లు పెట్టి కొట్లాడ్తుంటే, ఇక్కడ యాభై ఎనిమిది యూనిట్లు మూత లేని గిన్నె పక్కల నుంచి పోతున్నయి. గూడేలల్ల ఇంకా కట్టెల పొయ్యే నడుస్తున్నది, ఆడ నూటికి 10, 15 వంతులే గిన్నెకు అందుతది, మిగిలింది పొగ. అది ఆడోళ్ల ఊపిరితిత్తులల్లకు పోతది. ఉజ్వల కింద బండ వచ్చినోళ్లు కూడా రెండో బండకు పైసలు లేక కట్టెలకే మళ్లుతరు. ఈ ముచ్చట ఇంకోసారి వివరంగ రాస్త.

అమ్మ మాత్రం నా లెక్కలు నమ్మలే. ఈసారి బండ వచ్చినపుడు కాంటా పెట్టమని పట్టువట్టింది. బండ మీద రాసిన ఖాళీ బరువు చూసి, తీసేసి చూస్తే 14.2 కిలోలు సక్కగనే ఉంది. బండ తెచ్చిన పిలగాడు నవ్విండు. తెల్లారి మళ్ల చలి, మళ్ల సన్న మంట. ఎండ గడపల దాక వచ్చినంకనే చాయ్ మరిగింది.